పాడే పిల్ల పక్కన ఎవరు?

(వేములవాడలో సేవాలాల్ జయంతి సభలో చేసిన ప్రసంగం)

 

సంఘం వాళ్లు మమ్మల్ని బాలికల చదువు గురించి మాట్లాడమన్నారు. పదో తరగతి ఫలితాలు హాస్టల్ గోడ మీద రాసి ఉన్నాయి, వచ్చి చూసుకోండి. ఈ రోజు మేం చేసిన ఒక పొరపాటు గురించి చెప్తాం.

మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ర్యాప్ పాడుతుంది. సగం తెలుగు, సగం మన గోర్ బోలి. వాళ్లమ్మ బీడీలు చేసుకుంటూ చాట అంచు మీద వేళ్లతో కొట్టే దరువే ఆ పాటకు తాళం. ఏ ఆఫీసర్ వచ్చినా మేం ఆ పిల్లనే ముందుకు తోసేవాళ్లం. హాస్టల్‌కు పేరొస్తుందని మా ఆశ, అబద్ధమెందుకు!

ఒకసారి ఎవరో ఫోన్లో తీసిన వీడియో వారంలో జిల్లా అంతా తిరిగింది. ‘ఇదేం భాష’ అని ఎక్కిరించినోళ్లు కొందరు, ‘స్టార్’ అని ఎత్తుకున్నోళ్లు ఇంకొందరు. తిట్టినందుకు ఏడుస్తుందనుకున్నాం. మెచ్చుకున్నందుకే ఎక్కువ భయపడ్డది. "మేడం, వాళ్లు చూసింది ఆ ఒక్క పాటనే. రేపు పాడితే బాగా రాకపోతే?" అన్నది. మెస్‌కు రావడం తగ్గించింది. తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టల చుట్టూ పిల్లలందరూ పాడుతుంటే తను గోడకు ఆనుకొని కూర్చున్నది.

మేం బీఈడీ చదివినవాళ్లం కదా, ఉపన్యాసం మొదలుపెట్టాం. మంగ్లిని చూడు అన్నాం. అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండాలో పుట్టిన సత్యవతి రాథోడ్. తిరుపతిలో సంగీతం నేర్చుకుంది. వీ6లో మాటకారి మంగ్లిగా జనానికి దగ్గరైంది. ఆ మంగ్లి అనే పేరు కూడా బయటివాళ్లు తగిలించింది కాదు, తమ ఇంటి పెద్దావిడది. 2021లో ‘సారంగ దరియా’తో ఆమె పేరు ఊరూరా మోగింది. అదే ఏడాది బోనాల పాటలో ఒక మాట మీద గొడవైతే ఆ మాట మార్చి మళ్లీ పాడింది, ఆగిపోలేదు. ఇట్లా చెప్పుకుంటూ పోయాం.

పిల్ల అంతా విన్నది. "ఆమెకు చెల్లె ఉంది మేడం" అన్నది.

మాకు నోట మాట రాలేదు. నిజమే. చెల్లె ఇంద్రావతి కూడా గాయనే. ‘పుష్ప’లో ‘ఊ అంటావా’ పాడింది ఆ అమ్మాయే. మేం ఒక్క మంగ్లినే చూశాం, పిల్ల ఇద్దరినీ చూసింది.

ఆ తర్వాతే మేం వెతికి తెలుసుకున్నాం. ర్యాప్‌కు తల్లివేరు హిప్‌హాప్. దానికి మొదలని చెప్పుకునే పార్టీ 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో జరిగింది. పాటలు వేసింది జమైకా నుంచి వచ్చిన ఇంటి పిల్లవాడు, డీజే కూల్ హెర్క్. లోకం అతని పేరే తలుచుకుంటుంది. ఆ పార్టీ పెట్టింది మాత్రం అతని చెల్లె సిండీ. బడి తెరుస్తున్నారు, కొత్త బట్టలకు పైసలు కావాలని టికెట్ పెట్టింది. జూన్ నెలలో మన ఇళ్లల్లో ఉండే బాధే!

అంత దూరం ఎందుకు, మన పక్కనే హన్మాజీపేట ఉంది. సినారె గారి ఊరు, ఒగ్గు కథ మిద్దె రాములు గారి ఊరు. ఒగ్గు కథ చూసినోళ్లకు తెలుసు, కథకుడు ఎంత మొనగాడైనా పక్కన వంత పలికేవాళ్లు, డోలు కొట్టేవాళ్లు కావాలి. అతను ఊపిరి తీసుకునేంత సేపు కథను వాళ్లే మోస్తారు. మేం మా పిల్లకు మైకు ఇచ్చాం గానీ వంత ఇవ్వలేదు.

ఒక ఆదివారం వాళ్లమ్మ వచ్చింది. జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు తెచ్చింది. వీడియో ఊసే ఎత్తలేదు. బిడ్డను కింద కూర్చోబెట్టుకొని తలకు నూనె పెట్టింది. జడ అల్లుతూ, "నీ పాటల నడిమి ముక్క మర్చిపోయిన, ఎట్లుంటది?" అని తనే తప్పుల తడకగా ఎత్తుకున్నది. రెండుసార్లు విన్నది పిల్ల. మూడోసారి ఆగలేక, "అట్ల కాదు యాడీ" అని దిద్దింది. తల్లి మంచం పట్టె మీద దరువు వేసింది. పక్క మంచాల పిల్లలు చప్పట్లు కలిపారు. మేం తలుపు దగ్గరే నిలబడ్డాం, లోపలికి పోలేదు.

అప్పటి నుంచి అతిథులు వస్తే పాడించడం మానేశాం. పాడాలనిపిస్తే పిల్లలే రాత్రి అన్నాలయ్యాక పాడుకుంటారు, ఒకరి పాటకు ఇంకొకరు వంత. యాడీలకు, బాపులకు మా మనవి ఒక్కటే. బీడీల పని, కూలి పని ఉంటుందని తెలుసు. అయినా నెలకొక ఆదివారం రండి. పైసలు, తినుబండారాలు లేకున్నా పర్వాలేదు. గంట సేపు కూర్చొని పోండి.

ఆ పిల్ల ఈ సభలోనే ఉంది. కార్యక్రమ పత్రికలో పేరు లేదు, మేమే వద్దన్నాం. గుర్తుపట్టినోళ్లు దయచేసి పాడమని అడగకండి, ఫోన్లు తీయకండి. అన్నాల దగ్గర పక్కన జాగ ఉంటే కూర్చొని, ఏ తండా బిడ్డా అని అడగండి చాలు.