థైరాయిడ్ ఎక్కువైనప్పుడు

మన ఇళ్లలో థైరాయిడ్ అనగానే లావెక్కడం, నీరసం, పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర గుర్తొస్తాయి. అది గ్రంథి మందగించినప్పటి సంగతి. ఈ పూట నేను మాట్లాడేది అదే గ్రంథి అతిగా పనిచేస్తే వచ్చే జబ్బు గురించి, అంటే హైపర్‌థైరాయిడిజం గురించి. పక్కింటావిడ వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఈ జబ్బున్నవాళ్లు వేసుకుంటే ప్రమాదం.

కడుపునిండా తింటున్నా మనిషి చిక్కిపోతుంటారు. అందరికీ చల్లగా ఉన్నా వీళ్లకు చెమటలు. కూర్చున్నచోటే గుండె దడ. టీ కప్పు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. నిద్ర పట్టదు, అయినదానికీ కానిదానికీ కోపం వస్తుంది. ఆ కోపానికి రక్తంలో పెరిగిన హార్మోను కారణమని ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి, కసురుకోకూడదు. పెద్ద వయసువాళ్లలో ఈ లక్షణాలు అంతగా కనపడకపోవచ్చు. ఆకలి తగ్గడం, నీరసం, గుండె లయ తప్పడం, అంతే.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తగ్గి, టీ3, టీ4 పెరిగి ఉంటే జబ్బు ఉన్నట్టే. కానీ జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే కొన్ని ల్యాబుల్లో జబ్బు లేకపోయినా ఉన్నట్టు అంకెలు రావచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపండి, ఆ సంగతి డాక్టరుకూ చెప్పండి.

ఆ తర్వాత కారణం తేల్చుకోవాలి. ఎక్కువమందిలో గ్రేవ్స్ వ్యాధి ఉంటుంది. 1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ దీన్ని వర్ణించారు. మన రోగనిరోధక శక్తే గ్రంథిని అతిగా పనిచేయించడం దీని మూలం. కొందరిలో గ్రంథిలోని గడ్డలు హార్మోను తయారుచేస్తాయి. కాన్పు తర్వాత కొందరు తల్లులకు గ్రంథి వాచి, ఉన్న హార్మోనే బయటికి కారుతుంది. ఇది చాలావరకు కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, దీనికి హార్మోను తయారీని ఆపే మందులు పనిచేయవు. అందుకే కారణం తెలియకుండా మాత్రలు మొదలుపెట్టొద్దంటాను.

గ్రేవ్స్ వ్యాధికి సాధారణంగా కార్బిమజోల్ ఇస్తారు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పది రోజులు వేసుకుని, గుణం కనపడలేదని మానేస్తారు. ఈ మందు కొత్త హార్మోను తయారీని ఆపుతుంది, అంతే. గాదెలో పాత ధాన్యం ఉన్నట్టు గ్రంథిలో నిల్వ ఉన్న హార్మోను ఖర్చయ్యేదాకా లక్షణాలు ఉంటూనే ఉంటాయి. దానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ లోపల దడ, వణుకు భరించనక్కర్లేదు. ప్రొప్రనొలోల్ వంటి మాత్ర వాటిని త్వరగానే అణుస్తుంది. ఉబ్బసం ఉంటే మాత్రం ముందే చెప్పాలి, వాళ్లకు అది పడదు. కాఫీ, టీలు తగ్గించండి. ఉప్పు మానేయక్కర్లేదు, కానీ అయోడిన్ ఉన్న సముద్రపు నాచు మాత్రల జోలికి పోవద్దు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే మామూలు జలుబు అనుకోవద్దు. అరుదుగా ఈ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. మాత్ర ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. కళ్లు పచ్చబడినా అంతే.

ఒంట్లో బాగుందని మధ్యలో మానేయడం రెండో తొందర. ఈ మందు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలి. అప్పటికీ దాదాపు సగం మందికి జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు రేడియో అయోడిన్ గానీ, ఆపరేషన్ గానీ. రేడియో అయోడిన్‌ను 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ తొలిసారి రోగికి ఇచ్చారు. ఈ చికిత్సకు హైదరాబాద్ నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. ఇది నోటితో తీసుకునే మందే, కోత లేదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు, తర్వాత ఆరు నెలలు గర్భం వద్దంటారు. ఆ తర్వాత చాలామందికి గ్రంథి మందగించి జీవితాంతం థైరాక్సిన్ వేసుకోవాల్సి వస్తుంది. దానికి భయపడి వాయిదా వేయకండి. అదుపు తప్పిన హార్మోను గుండెకు, ఎముకలకు చేసే చేటు అంతకన్నా పెద్దది. ఆపరేషన్ అయితే ఇలాంటివి చాలా చేసిన సర్జన్‌నే ఎంచుకోండి. మాట పలికించే నరం, కాల్షియం చూసుకునే చిన్న గ్రంథులు థైరాయిడ్ పక్కనే ఉంటాయి.

పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలు ముందే డాక్టరుతో మాట్లాడండి, మొదటి మూడు నెలలకు మందు మార్చాల్సి రావచ్చు. గ్రేవ్స్ వ్యాధిలో కళ్లు ముందుకు పొడుచుకొస్తుంటే పొగతాగడం ఆపాల్సిందే, అది కంటి జబ్బును ముదరబెడుతుంది.

ఈ జబ్బున్న మనిషికి తీవ్రమైన జ్వరం, వాంతులు, విపరీతమైన దడ, పొంతన లేని మాటలు కలిసి వస్తే 108కి ఫోన్ చేయండి. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.