ఆపరేషన్ కానుపు – పిల్లల పుచ్చుపళ్లు
(రాయగడ మహిళా కార్మికుల సభలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనస్ సంగతి వదిలి పళ్ల సంగతి ఎత్తాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. మొన్న రీలింగులో పనిచేసే చెల్లెమ్మ ఒకామె రెండేళ్ల పిల్లను చంకనేసుకుని యూనియన్ ఆఫీసుకు వచ్చింది. పిల్లకు పై ముందుపళ్లు నాలుగూ నల్లబడి, చిగుళ్ల దాకా అరిగిపోయాయి. "కడుపు కోసి తీసిన పిల్ల, అందుకే పుచ్చాయి" అని అత్తగారు రోజూ దెప్పుతోందట. తప్పు తనదేనని ఆ తల్లి ఒకటే ఏడుపు.

అత్తగారి మాటలో గింజంత నిజముంది, తక్కినదంతా పొట్టు. 2005లో అమెరికాలో న్యూయార్క్, అలబామా యూనివర్సిటీల వారు 156 తల్లీబిడ్డల జంటలను పరీక్షించారు. పళ్లు పుచ్చబెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే క్రిమి మామూలు కానుపు పిల్లల నోట్లో సగటున 29వ నెలకు చేరితే, ఆపరేషన్ పిల్లల నోట్లో 17వ నెలకే చేరింది. మామూలు కానుపులో తల్లి ఒంటి మీది మంచి క్రిములు బిడ్డకు అంటుతాయి, ఆపరేషన్ బిడ్డకు అవి తక్కువ, అందుకే చెడ్డది త్వరగా చోటు పట్టిందేమోనని వారి ఊహ. అయితే క్రిమి చేరడం వేరు, పన్ను పుచ్చడం వేరు. తర్వాత పలుచోట్ల జరిగిన పరిశీలనలు ఒక్కమాట మీద లేవు.

ఆ క్రిమికి మేత చక్కెర. చక్కెర తిని ఆమ్లం చేస్తుంది, ఆ ఆమ్లం పన్నును తింటుంది. పిల్లకు రాత్రి ఏం పడుతున్నారని అడిగాను. తల్లి నైట్ షిఫ్టుకొస్తే, పిల్ల ఏడవకుండా అత్తగారే చక్కెర వేసిన పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడుతుందట! నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, పాలు పై పళ్ల మీదే నిలిచిపోతాయి. కింది పళ్లకు నాలుక అడ్డం. అందుకే పైవి ముందు పోతాయి.

ఇంకో మాట. మన ఆడపిల్లలు కోరాపుట్, రాయగడల నుంచి పురిటికి పార్వతీపురం, విజయనగరం వెళ్తుంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి ఒడిశాలో 21.6, ఆంధ్రాలో 42.4, తెలంగాణలో 60.7 ఆపరేషన్ కానుపులు. అవసరమైన ఆపరేషన్ రెండు ప్రాణాలు నిలుపుతుంది, వద్దనడానికి నేనెవరిని? ఎందుకు అవసరమో డాక్టరును అడగండి, అంతే.

క్రిమి మన నోటి నుంచే పిల్లకు పోతుంది. అన్నం నమిలి పెట్టకండి, మీరు నాకిన చెంచాతో తినిపించకండి. మీ పుచ్చుపళ్లకు ముందు వైద్యం చేయించుకోండి. మొదటి పన్ను వచ్చిన నాటి నుంచే బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో తోమండి. గుడాకు పొగాకు సరుకు, పసిపిల్ల చిగుళ్లకు దాన్ని రాసేవాళ్లను నా కళ్లతో చూశాను! చిగురు దగ్గర తెల్లటి గీత కనబడగానే ఆసుపత్రిలో చూపిస్తే పుచ్చు అక్కడే ఆగొచ్చు.

ఇక యాజమాన్యం మాట. తల్లి పాలిచ్చే వీలుంటే సీసా ఎందుకొస్తుంది? మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు, బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాల విరామాలు, 50 మంది పనిచేసే చోట శిశుగృహం చట్టంలో ఉన్నవే. శిశుగృహం కోసం ఇచ్చే వినతిపత్రం మీద సభ అయ్యాక సంతకాలు చేసి వెళ్లండి. ఆ చెల్లెమ్మను మాత్రం వచ్చే ఆదివారం అత్తగారిని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను.