బొగ్గుబాయి ఊళ్లో కోడింగ్ పాఠం

బొగ్గు గనిలో మీథేన్ వాయువు 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు ఆపెయ్యాలన్నది నిబంధన. ‘ఇలా అయితే అలా చెయ్’. కోడింగ్‌లో తొలిపాఠం కూడా ఇదే. బొగ్గు గనుల ఊరు గోదావరిఖని ఆడపిల్లలకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

కోడింగ్ నేర్పే ఆన్‌లైన్ వర్క్‌షాపులో ఈ షరతును స్క్రాచ్ అనే కోడింగ్ సాధనంలో రంగుల దిమ్మెలు పేర్చి రాయొచ్చు. టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు గ్యాస్ సెన్సర్ కలిపి, పొగను దగ్గరికి జరిపి, బజర్ మోగుతుందో లేదో తెరమీదే చూడొచ్చు. రెండూ ఉచితం. వైరు తప్పుగా కలిపినా నష్టం లేదు.

ఈ నేర్పు గనిలోనూ అక్కరకొస్తుంది. ఇక్కడి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గు కోసేది యంత్రమే. భూగర్భ గనుల్లో సాంకేతిక ఉద్యోగాలకు మహిళలకు 2019లోనే అనుమతి వచ్చింది. కాబట్టి అమ్మానాన్నలారా, ఇంట్లో కంప్యూటర్ ఉంటే కొడుకుతోపాటు కూతురికీ వంతు ఇవ్వండి. లేకుంటే బడిలో ల్యాబ్ తెరిపించమని అడగండి.