కంప్యూటర్‌లో కొత్తవి వాడి చూద్దామా?

సురవరం ప్రతాపరెడ్డి పేరు వింటే పాలమూరు వాళ్లకు 1926లో మొదలైన గోలకొండ పత్రిక గుర్తొస్తుంది. ఇప్పుడు ఆయన పేరు మీద ‘సురవరం’ అనే తెలుగు ఫాంటు ఉంది. సిలికానాంధ్ర ఉచితంగా అందించింది. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. శీర్షికలకు, పోస్టర్లకు చక్కగా నప్పుతుంది.

కొత్తవి వాడి చూడాలనుకునేవాళ్లు ఇలాంటి చిన్నదానితో మొదలుపెడితే మంచిది. నచ్చకపోతే తీసేయడం క్షణాల పని.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన కరపత్రం ఫైలును ఇంట్లో తెరిస్తే ఏమవుతుంది? ఆ ఫాంటు లేకపోతే తెలుగు కనిపించదు, పిచ్చి గుర్తులు వస్తాయి. సురవరం యూనికోడ్ ఫాంటు. అది లేని కంప్యూటర్‌లో అక్షరాల రూపం మారుతుందేమో గానీ, తెలుగు తెలుగుగానే ఉంటుంది. టైపు చేయడానికి విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో కలుపుకుంటే చాలు.

ఇక జాగ్రత్తలు. ఏ సాఫ్ట్‌వేరైనా తయారుచేసినవాళ్ల సైటు నుంచే దించుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కుకుంటూ పోవద్దు. కొన్నిట్లో ఒక చిన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. దాన్ని వదిలేస్తే అడగని ప్రోగ్రాం ఇంకోటి దూరుతుంది.

మొదలుపెట్టే ముందు విండోస్‌లో రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. తేడా వస్తే పాత సెట్టింగులకు వెళ్లొచ్చు. మళ్లీ చెప్పుకుందాం: అసలు సైటు, రిస్టోర్ పాయింట్.

అయితే రిస్టోర్ పాయింట్ మీ సొంత ఫైళ్లను కాపాడదు. పిల్లల ఫొటోలు, పాసుపుస్తకం స్కాన్లు ఈరోజే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.