మరమనుషుల జట్లు - చేబదులు కొట్టు

సోలెడు బియ్యమో, గిద్దెడు నూనెయో తరిగినపుడు పొరుగింటినుండి చేబదులు తెచ్చుకొనుట మన యిండ్లలో ఎల్లరెరిగిన పద్ధతి. తిరిగి యిచ్చునపుడు కొలత తగ్గకుండుటయే అందలి మర్యాద. ఆ మర్యాదను అమెరికాలో మా పిల్లలు ఒక క్రొత్త పనికి వినియోగించిరి. వారి పని మరమనుషులను నిర్మించుట. మేమనగా ఒక పాఠశాల జట్టునకు సాయపడు పెద్దలము. మాలో తెలుగు కుటుంబములవారు పలువురు కలరు. ఆ వృత్తాంతమును నేడు శ్రోతలకు మనవి చేయుదుము.

మొదట పోటీని గూర్చి రెండు మాటలు. 'ఫస్ట్' అను సంస్థను 1989లో డీన్ కేమెన్ స్థాపించెను. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమందలి మాంచెస్టరు నగరములో 1992లో తొలి పోటీ జరిగినది. నాడు పాల్గొన్న జట్లు 28 మాత్రమే. నేడు వేలకొలది యున్నవి. ఏటేట జనవరిలో ఆట నియమములు వెలువడును. ఉన్నత పాఠశాల విద్యార్థులు కొద్ది వారములలో యంత్రమును కట్టి పోటీకి తేవలెను. ఒక్కొక్క ఆట సుమారు రెండున్నర నిమిషములు. ఒక ప్రక్క మూడు జట్లు, ఎదుట మూడు జట్లు. ఉదయమున తోడైన జట్టు సాయంత్రము ఎదురు నిలువవచ్చును. కనుక ఎదుటివాని యంత్రము చెడినపుడు మన పెట్టెలోని విడిభాగమిచ్చి బాగుచేయించుట అచ్చటి సంప్రదాయము. పోటీ ఎంత తీవ్రమైనను సౌజన్యము తప్పరాదను ఈ నీతిని అక్కడ నాటినవారిలో ముఖ్యుడు ఎం.ఐ.టి. ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్. ఆయన 2019లో దివంగతుడయ్యెను.

ఇక మా కథ. మా చుట్టుపట్ల తొమ్మిది జట్లు కలవు. అన్నియు ఒకే వర్తకునివద్ద సరకు కొనుచుండెడివి. ఒక యేడు అతడు పంపిన మోటారు నియంత్రకములలో కొన్ని బల్లమీదనే పొగచిమ్మెను. మార్చి యిమ్మని వ్రాసితిమి. లోపమును గూర్చి ఇతర జట్లకు చెప్పబోమని సంతకము చేసినవారికే మార్చి యిత్తునని అతడు బదులు వ్రాసెను. పిల్లలు చేతులు పెట్టి పనిచేయు వస్తువులో లోపము దాచుమనుట మాకు సమ్మతము కాలేదు. అతనివద్ద కొనరాదని ఎనిమిది జట్లు నిశ్చయించినవి.

నిశ్చయించుట సులభము. ఆ సభలో ఒక చిన్న జట్టు బాలిక లేచి, "మీకు అరలనిండ సామాను కలదు. మాకున్నది ఒక్క అర. మీ పంతమునకు మూల్యము మేము చెల్లించవలెనా?" అని యడిగెను. మేము తలలు వంచుకొంటిమి. 1921లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున పురపాలక సంఘపు పన్ను నిరాకరించి, ఇండ్లు విడిచి, వెలుపల రామనగరము కట్టుకొనిరి. కాదనువారికి తలదాచుకొన తావొకటి ఉండవలెనని వారెరుగుదురు. మాకు ఆ తావు చేబదులు కొట్టయ్యెను.

ప్రతి జట్టు తన మిగులు సామానును పట్టీ వ్రాసి యిచ్చినది. ఆదిలోనే ఒక పొరపాటు చేసితిమి. తయారీదారుల పేర్లనుబట్టి సరకు విభజించితిమి. ఒకచోటి పళ్ళచక్రము మరియొకచోటి గొలుసునకు పట్టలేదు. అప్పుడు కొలతలనుబట్టి తిరిగి సర్దితిమి. ఇరువదియైదవ నంబరు గొలుసులో కీలునకు కీలునకు నడుమ పావు అంగుళము. ముప్పదియైదవ నంబరులో అంగుళమున ఎనిమిదింట మూడు పాళ్ళు. అరయంగుళపు ఆరుపలకల ఇరుసులు ఒక పెట్టెలో, పళ్ళచక్రములు పండ్ల సంఖ్యనుబట్టి మరియొక పెట్టెలో నుంచితిమి. నియంత్రకములను అరగంట మోటారుతో నడిపి చూచినగాని చీటీ కట్టలేదు. పండ్రెండు వోల్టుల సీసపు బ్యాటరీలను భారము మోపి పరీక్షించితిమి. క్రిందపడినవానిని, పగుళ్ళున్నవానిని కొట్టులోనికి రానీయలేదు.

కట్టుబాట్లు నాలుగే. డబ్బు ముట్టరాదు. తీసికొన్నదానికి సరియైనది ఋతువు ముగియులోపల ఇయ్యవలెను. ఆటలో విరిగినచో నింద లేదు, కాని దాచరాదు. పద్దు పుస్తకము రెండు వేర్వేరు జట్ల పిల్లలచేతిలో ఉండవలెను.

రెండు విషయములలో వాదము పెరిగినది. మొదటిది: ఆ వర్తకునివద్ద లోగడ కొన్న సరకు వాడవచ్చునా? వెల చెల్లించినది మనది. దానిని పారవేసిన నష్టము పిల్లలకే గాని వర్తకునకు కాదని వాడితిమి. పొగచిమ్మిన తరగతివి మాత్రము వేరుచేసి, ఎందుకు వేరుచేసితిమో పైన వ్రాసితిమి. రెండవది: మాతో చేరని తొమ్మిదవ జట్టునకు చేబదులీయవచ్చునా? కూడదని కొందరు పెద్దలు గట్టిగా పలికిరి. మన కోపము వర్తకునిపై గాని తోడి పిల్లలపై కాదని విద్యార్థులు పలికిరి. వారి మాటయే నెగ్గినది.

మార్చిలో పోటీనాడు ఆ తొమ్మిదవ జట్టువారి ఇరుసు వంగినది. వారు మొగమాటముతో మా బల్లయొద్దకు వచ్చిరి. మా పిల్లలు ఇరుసిచ్చి, బిగించుటకును తోడ్పడిరి. తరువాతి యాటలో వారే మాకు ఎదురు నిలిచిరి. మేము ఓడితిమి. మా పిల్లలలో ఒక్కరును ఆ యిరుసును గూర్చి విచారించలేదు.

ఆ వర్తకుడు షరతు విడిచెనా యని శ్రోతలడుగుదురు. ఋతువు ముగియునప్పటికి విడువలేదు. అతని వ్యాపారమునకు ఎంత నష్టమయ్యెనో మాకు తెలియదు. కాని లోపము మాట ఎనిమిది జట్లలో ఎవరును దాచలేదు. సభలో ప్రశ్నించిన బాలిక జట్టు ఒక్క ఆటయు మానకుండ ఆడినది. పద్దు పుస్తకములో తీరని బాకీలు రెండే మిగిలినవి: మూరెడు గొలుసు, ఒక తీగ.

ఒకరినుండి కొనరాదని నలుగురు కూడినపుడు, వారిలో మిక్కిలి లేనివాని అరలో ఏమున్నదో మొదట చూడవలెనని మేము నేర్చితిమి. పుస్తకము ఇప్పటికిని పిల్లలచేతిలోనే యున్నది. ఆ గొలుసు, ఆ తీగ వచ్చువరకు వారు దానిని మూయబోమనుచున్నారు.