చెట్టు మందే కదా!

నేను చర్మవ్యాధుల వైద్యుణ్ణి. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ సోరియాసిస్‌కి బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చున్నారట. మొదటిరోజు ఏమీ కాలేదని మర్నాడూ కూర్చున్నారు. మూడోనాటికి మోచేతుల నిండా బొబ్బలు. "చెట్టు మందే కదా బాబూ, ఏం చేస్తుందిలే అనుకున్నాను" అన్నారు.

చేస్తుంది! బావంచాల్లో సోరాలెన్ ఉంది. అది చర్మంలో ఉండగా ఎండలోని అతినీలలోహిత కాంతి తగిలితే కణాల డిఎన్‌ఎకు అతుక్కుని, వాటి పెరుగుదలను ఆపేస్తుంది. సోరియాసిస్‌లో కావలసింది అదే. మోతాదు మించితే చర్మం కాలుతుంది, ఆ కాలడం రెండు మూడు రోజులకు గానీ ముదరదు. ఈజిప్టులో అమ్మి అనే మొక్క నుంచి తీసిన ఇదే జాతి మందును 1940లలో బొల్లికి వాడారు. 1974లో అమెరికా వైద్యులు ఆ మాత్ర ఇచ్చి, కొలిచిన కాంతి పెట్టి సోరియాసిస్ తగ్గించారు. అదే 'పూవా' చికిత్స. ఏళ్ళ తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తేలాక, మాత్ర అక్కర్లేని యువిబి కాంతికే ఇప్పుడు మొగ్గు చూపుతున్నాం.

ఆవిడ సీసాలో సోరాలెన్ ఎంతుందో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఊరినుంచి తెచ్చుకున్న నూనెలు, చూర్ణాలు ఉంటే మీ డాక్టరుకి చూపించండి. నేనైతే కోప్పడను.