హంతకుడెవరో చెప్పను
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి డాక్టరుగారు, కరువు భత్యం గురించి కార్యదర్శిగారు చెప్పేశారు. నాకు మిగిలింది "ఇటీవల నేను చదివినవి, చూసినవి" అన్న విషయం. భాగవతం గురించి చెబుతాననుకున్న వారికి కొంచెం నిరాశ తప్పదు. గత రెండేళ్ళుగా నేను చదివినవి అపరాధ పరిశోధక నవలలు, చూసినవి కొరియావారి టీవీ సీరియళ్ళు. ఈ వయస్సులో ఇదేం పోయేకాలం అని ఇంట్లోనే అన్నారు. బ్రతికే ఉన్నామని ఏటా సాక్ష్యాధారాలతో రుజువు చేసుకుంటున్న వాళ్ళం, పరిశోధన మనకు కొత్తేమీ కాదని జవాబు చెప్పాను.

అసలు మన గోదావరి జిల్లాల వారికి ఈ పిచ్చి పాతదే. తణుకులో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వెయ్యి నవలలు రాశారు. పండితులు వాటిని రైలు నవలలని చులకన చేశారు. రైల్లో ఒకరు వదిలేసిన పుస్తకాన్ని మరొకరు తీసి చదివారు గనుకనే ఆ సంఖ్య వెయ్యి దాకా వెళ్ళిందని నా అభిప్రాయం. మా తరానికి వచ్చేసరికి కొమ్మూరి సాంబశివరావుగారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మాకు ఇంట్లో మనుషులే. రాజమండ్రిలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి నలుగురం చందా వేసుకుని ఒక పుస్తకం తెచ్చుకునేవాళ్ళం. ఒకసారి "చావుకేక" తెస్తే చివరి నాలుగు పేజీలు లేవు. కొట్టువాడు అద్దె మాత్రం పూర్తిగా పుచ్చుకున్నాడు. హంతకుడెవరో తేల్చడానికి గోదావరి గట్టు మీద మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. నలుగురికీ నలుగురు హంతకులు తేలారు.

ఈ మధ్య కొమ్మూరివారిని మళ్ళీ చదివాను. కథలో అక్కడక్కడ అతుకులు కనబడతాయి, నిజమే. అయినా ఆ చిన్న చిన్న వాక్యాలు, ఆ పరుగు! ఉపన్యాసం చెప్పడు, వర్ణనలతో విసిగించడు. ఆరుద్రగారంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారంటే అది చేతకాని వాళ్ళ పని కాదన్నమాట.

ఇక జపాను సంగతి. కీగో హిగాషినో అనే ఆయన 2005లో "ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్" అనే నవల వెలువరించారు. దాన్ని ఇంగ్లీషులో చదివాను. హత్య ఎవరు చేశారో మొదట్లోనే చెప్పేస్తాడు. పక్కింటి లెక్కల మాస్టారు దాన్ని ఎలా కప్పిపుచ్చాడన్నదే కథంతా. దీన్ని 2023లో హిందీలో "జానే జాన్" పేరుతో సినిమా తీశారు. మా మిత్రుడొకాయనకు, ఆయనా మన శాఖవాడే, చూపు పూర్తిగా పోయింది. రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆ నవల తెలుగులో చెబుతూ వచ్చాను. ఇరవై రోజులు పట్టింది. ఆఖరి అధ్యాయం ముందు రోజు ఆయన నా చెయ్యి పట్టుకుని, "రేపు రాకండి, ఎల్లుండి రండి, ఒక రోజు నన్ను ఆలోచించుకోనివ్వండి" అన్నారు. రోజంతా పని లేదని బాధపడే మనిషికి ఆ రోజు పని దొరికింది. మాస్టారు ఏం చేశాడో ఆయన దాదాపు పట్టేశారు కూడా. మీకు మాత్రం చెప్పను, చదువుకోండి.

కొరియా సీరియళ్ళలో నన్ను పట్టుకున్నది "సిగ్నల్". 2016లో వచ్చింది, 16 భాగాలు. 2015లో ఉన్న ఒక యువకుడికి పాత వాకీటాకీ దొరుకుతుంది. అందులో ఏళ్ళ క్రితపు పోలీసు ఒకాయన పలుకుతాడు. నమ్మశక్యం కాదు సరే, అందులోని ఒక కేసు మాత్రం నిజంగా జరిగిన దాని నీడ. ఆ దేశంలో హ్వాసంగ్ అనే ప్రాంతంలో 1986 నుంచి 1991 వరకు పది మంది స్త్రీలను, బాలికలను చంపారు. హంతకుడు దొరకలేదు. అప్పటి వారి చట్టం ప్రకారం హత్య కేసుకు 15 ఏళ్ళే గడువు, 2006తో అదీ తీరిపోయింది. సీరియల్ వచ్చిన మూడేళ్ళకు, 2019లో, దాచి ఉంచిన పాత వస్తువుల మీద డీఎన్ఏ పరీక్ష చేస్తే మనిషి తేలాడు. మరదలిని చంపిన నేరానికి అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా జైల్లోనే ఉన్నాడు! నేరాలన్నీ ఒప్పుకున్నాడు గాని గడువు దాటింది గనుక విచారణ లేదు.

ఇంతకంటె నా నిద్ర చెడగొట్టిన సంగతి మరొకటి. ఆ పదింటిలో ఒక హత్యకు 1989లోనే ఒక వికలాంగుడైన కార్మికుణ్ణి పట్టుకుని, కొట్టి ఒప్పించి, జైలుకు పంపారు. సుమారు 20 ఏళ్ళు లోపల ఉండి 2009లో బయటికి వచ్చాడు. నిర్దోషి అని కోర్టు చెప్పింది 2020 డిసెంబరులో. నేను కోర్టులో కాపీయిస్టుగా చేరి శిరస్తదారుగా రిటైరైన వాణ్ణి. తీర్పుల నకళ్ళు ఎన్ని రాశానో లెక్కలేదు. ఎవడి కాగితమో, వాడింట్లో పొయ్యి వెలిగిందో లేదో మనకు తెలియదు, కోర్టు ఫీజు స్టాంపు సరిగ్గా ఉందా అన్నదే చూసేవాళ్ళం. ఆ సీరియల్ చూస్తున్నంతసేపూ మా రికార్డు రూములోని మూటలే కళ్ళ ముందు కదిలాయి. ఆ పాత వస్తువులను పారేయకుండా చీటీ కట్టి భద్రపరచిన గుమాస్తా ఎవరో గాని, ఆయన పేరు ఏ పత్రికలోనూ పడి ఉండదు. మన దేశంలో హత్యకు కాలపరిమితి లేదు. అక్కడా 2015లో ఎత్తేశారు.

మా ఆవిడకు ఈ రక్తపాతం గిట్టదు. ఆవిడ కోసం "జువెల్ ఇన్ ది ప్యాలెస్" పెట్టాను. 2003లో మొదలైంది, 54 భాగాలు. రాజుగారి వంటశాలలో చేరిన పిల్ల చివరికి రాజవైద్యురాలవుతుంది. పదహారో శతాబ్దపు రాజుల చరిత్రలో ఆ పేరుగల స్త్రీ ప్రస్తావన నిజంగానే ఉంది. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు, వాంగ్మూలం చదివినట్టు తెలుగులో వినిపించడం నా డ్యూటీ. ఆ పిల్లకు ఒక దశలో నాలుకకు రుచి తెలియకుండా పోతుంది, అయినా జ్ఞాపకంతోనే వండుతుంది. ఆ భాగం రెండోసారి పెట్టమంది మా ఆవిడ. మాటలు చదవబోతే, "మీరూరుకోండి, నాకు తెలుస్తోంది" అంది. వాళ్ళ వంటల్లో చింతపండు లేకపోవడమొక్కటే ఆవిడకు నచ్చలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి. మీ అటకల మీద కొమ్మూరి, కొవ్వలి పుస్తకాలుంటే చెదలకు అప్పగించకండి. సంఘం బీరువాలో కింది అర ఖాళీ చేయించారు కార్యదర్శిగారు. చూపు ఆననివారు పేరిస్తే, చదివి వినిపించడానికి నాతో కలిపి ఇప్పటికి ముగ్గురం ఉన్నాం. ఇంకొకరైనా వస్తే మంగళవారం, శుక్రవారం రెండు వీధులు చూసుకోగలం. పుస్తకం ఇచ్చేవారు ఆఖరి పేజీలు ఉన్నాయో లేవో చూసి మరీ ఇవ్వండి.